వెయ్యి రూపాయలలోపు టార్ రిలే నడపడానికి సర్వర్ ఎక్కడ తీసుకోవాలి?

మీ ప్రశ్న సారాంశాన్ని ముందుగా రాస్తాను, తర్వాత వచ్చే పాఠకులకు కూడా అది ఉపయోగపడుతుంది. మీరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ఎవరు ఏ సైట్ చూస్తున్నారో బయటికి తెలియకుండా దాచే టార్ నెట్‌వర్కుకు మీ వంతుగా ఒక రిలే, అంటే ఆ ట్రాఫిక్‌ను అందుకుని ముందుకు పంపే సర్వర్, నడపాలని ఉంది కానీ నెలకు వెయ్యి రూపాయలకు మించి ఖర్చు పెట్టలేరు. బెంగళూరులోనే సర్వర్ తీసుకోవాలా, ఇంట్లో ఉన్న ఫైబర్ కనెక్షన్ సరిపోతుందా, ఎగ్జిట్ రిలే, అంటే గమ్యస్థాన సైట్‌తో నేరుగా మాట్లాడే చివరి రిలే, నడపవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే నా సమాధానం ఇది. ఎగ్జిట్ కాని రిలేను ఎంచుకోండి. దాన్ని భారతదేశం వెలుపల, టార్ రిలేలు ఇప్పటికే కిక్కిరిసి లేని ఒక చిన్న హోస్టింగ్ సంస్థలో, నెలకు బయటికి కనీసం నాలుగైదు టెరాబైట్ల ట్రాఫిక్ పంపనిచ్చే కేవీఎం సర్వర్ (ఒక పెద్ద యంత్రాన్ని పంచి, ప్రతి భాగానికీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే రకం) మీద, ఆ సంస్థ అనుమతిని రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే మొదలుపెట్టండి. మీ బడ్జెట్‌లో ఇది సాధ్యమే. బెంగళూరు సర్వర్ రిలేకు గిట్టుబాటు కాదు, బ్రిడ్జికి (బహిరంగ జాబితాలో లేని ప్రవేశ రిలేకు) మాత్రం సరిపోతుంది. ఇంటి కనెక్షన్ మీద స్నోఫ్లేక్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌కు మించి ఏదీ నడపవద్దు. ఎగ్జిట్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నేను ఇదే ఊరిలో చాలాకాలంగా సర్వర్ల నిర్వహణ వృత్తిలో ఉన్నాను, సొంత ఖర్చుతో రిలేలు నడుపుతున్నాను. కింద రాసేవి ఆ అనుభవంలోంచి వచ్చిన కారణాలు.

మొదట లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ వ్యవహారంలో సగం నిర్ణయాలు లెక్కతోనే తేలిపోతాయి. టార్‌ను తయారుచేసే లాభాపేక్ష లేని సంస్థ టార్ ప్రాజెక్టు సూచనల ప్రకారం ఒక రిలేకు రెండు దిశల్లోనూ కనీసం 10 ఎంబీపీఎస్ వేగం ఉండాలి, 16 ఉంటే మంచిది. పది ఎంబీపీఎస్ అంటే చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. కానీ అది రోజంతా ఆగకుండా ప్రవహిస్తే రోజుకు 108 జీబీ, నెలకు దాదాపు 3.2 టీబీ బయటికి పోతుంది. రిలే పని ఒకచోట తీసుకున్నది ఇంకొకచోటికి అందించడమే కాబట్టి అంతే పరిమాణం లోపలికి కూడా వస్తుంది. హోస్టింగ్ సంస్థ బయటికి పోయేదాన్ని మాత్రమే లెక్కిస్తే మీకు కావలసింది 3.2 టీబీ, రెండు దిశలనూ కలిపి లెక్కిస్తే 6.5 టీబీ. ప్లాన్ పేజీలో ఈ తేడాను చాలామంది చిన్న అక్షరాలలో రాస్తారు, కొందరు అసలు రాయరు. డబ్బు కట్టకముందు అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

యంత్రం విషయానికి వస్తే పెద్దగా ఆలోచించవలసిన పని లేదు. 40 ఎంబీపీఎస్‌లోపు నడిచే ఎగ్జిట్ కాని రిలేకు 512 ఎంబీ మెమరీ చాలని, అంతకు మించితే 1 జీబీ కావాలని టార్ ప్రాజెక్టు చెబుతుంది. డిస్కు 200 ఎంబీ దాటదు. టార్ ప్రోగ్రామ్ పనిలో ఎక్కువ భాగం ఒకే కోర్ మీద జరుగుతుంది కాబట్టి నాలుగు కోర్ల ప్లాన్‌కు డబ్బు పెట్టడం దండగ. ప్రాసెసర్‌లో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఉంటే చాలు, ఈ రోజుల్లో అది లేని సర్వర్ దొరకడమే కష్టం. బెంగళూరులో ఇల్లు అద్దెకు చూసేటప్పుడు గదుల సంఖ్యకన్నా ముందు నీళ్ల సంగతి అడిగినట్టే, ఇక్కడ కోర్లకన్నా ముందు ట్రాఫిక్ సంగతి అడగాలి.

ఇప్పుడు ఈ లెక్కతో బెంగళూరు, ముంబయి సర్వర్ల ధరలను చూడండి. అమెజాన్ ముంబయి ప్రాంతంలో నెలకు మొదటి 100 జీబీ ఉచితం, ఆ పైన బయటికి పోయే ప్రతి జీబీకి 0.1093 డాలర్లు. పది ఎంబీపీఎస్ రిలేను అక్కడ నెలంతా నడిపితే సర్వర్ అద్దె కాకుండా ట్రాఫిక్‌కే 340 డాలర్లకు పైగా బిల్లు వస్తుంది. ఇది మన రిలేకు ఎంతమాత్రం పనికిరాదు. డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులోనే డేటా సెంటర్ ఉంది. దాని 6 డాలర్ల ప్లాన్‌లో నెలకు 1 టీబీ ట్రాఫిక్ ఇస్తున్నారు, మించిన ప్రతి జీబీకి ఒక సెంటు వసూలు చేస్తారు. ఒక టెరాబైట్‌ను నెల మొత్తానికి పరిస్తే సగటున 3 ఎంబీపీఎస్ మాత్రమే వస్తుంది, అంటే రిలేకు కావలసిన కనీస వేగంలో మూడో వంతు. మన దేశంలో ట్రాఫిక్ ఐరోపాలో ఉన్నంత చవక కాదు. ప్లాన్ పేరు ఏదైనా చివరికి లెక్క అక్కడే తెగుతుంది.

మన దేశంలో రిలేలు చాలా తక్కువ కాబట్టి ఇక్కడ ఒకటి పెడితే నెట్‌వర్కుకు వైవిధ్యం వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. ఆ వాదనలో నిజం ఉంది, కానీ రెండు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది సాంకేతికమైనది. ప్రతి రిలే వేగాన్ని కొలిచి, దాని వైపు ఎంత ట్రాఫిక్ మళ్లించాలో తేల్చే కొలత యంత్రాలు ప్రధానంగా ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ ఉన్నాయి. దూరం వల్ల ఆసియాలోని రిలేలకు తక్కువ కొలత పడుతుంది. మీరు ఎక్కువ ధర పెట్టి కొన్న బ్యాండ్‌విడ్త్‌లో కొంత భాగం ఖాళీగానే ఉండిపోతుంది.

రెండవది చట్టపరమైనది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం మన దేశంలోని డేటా సెంటర్లు, వర్చువల్ సర్వర్ సంస్థలు, క్లౌడ్ సంస్థలు, వీపీఎన్ సంస్థలు తమ చందాదారుల పేరు, చిరునామా, వారికి కేటాయించిన ఐపీలు, సర్వర్‌ను ఏ అవసరానికి తీసుకున్నారన్న వివరం, ఇవన్నీ ధ్రువీకరించి, ఖాతా రద్దయిన తరువాత కూడా ఐదేళ్లు భద్రపరచాలి. సేవాసంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను (రాకపోకల నమోదులను) 180 రోజులు దేశంలోనే ఉంచాలి. ఈ ఆదేశాల తరువాతే ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ వంటి సంస్థలు తమ సర్వర్లను భారత్ నుంచి తీసేశాయి. టార్‌ను ఉపయోగించడాన్ని గానీ రిలే నడపడాన్ని గానీ ప్రత్యేకంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. అయితే ఎవరి రాకపోకలనూ నమోదు చేయకపోవడమే రిలే నడిపేవారి ప్రాథమిక ధర్మం. లాగ్‌లు తప్పనిసరి అయిన చోట ఆ ధర్మాన్ని పాటించేటప్పుడు సర్వర్ ఇచ్చిన సంస్థ కూడా ఇబ్బందిలో పడుతుంది. ఇక్కడే నడపాలని మీకు గట్టి పట్టుదల ఉంటే ముందుగా సైబర్ చట్టం తెలిసిన న్యాయవాదిని ఒకసారి కలవండి.

ఇంటి కనెక్షన్ సంగతి త్వరగా ముగిస్తాను. మన ఊరి ఇళ్లలోని ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. ఒకే ఐపీ వెనుక అనేక ఇళ్లు ఉంటాయి కాబట్టి బయటినుంచి మీ రిలేకు దారి దొరకదు. సొంత ఐపీ అదనపు రుసుముతో తీసుకున్నా ఒక సాధారణ రిలే ఏకకాలంలో ఏడు వేల కనెక్షన్లు మోయవలసి రావచ్చు, ఇంటి రౌటర్లు అంత భారానికి తట్టుకోవు. ఇంకా ముఖ్యమైన సంగతి, రిలేల ఐపీల జాబితా బహిరంగం. ఎగ్జిట్ ఏదో, మధ్యలోని రిలే ఏదో చూడకుండా ఆ జాబితా మొత్తాన్ని అడ్డుకునే సైట్లు కొన్ని ఉన్నాయి. రేపు మీ ఇంటి నుంచి బ్యాంకు పేజీయో టికెట్ల పేజీయో తెరుచుకోకపోతే ఇంట్లోవాళ్లకు మీరే జవాబు చెప్పుకోవాలి. పైగా అద్దె ఫ్లాట్లలో, పీజీలలో కనెక్షన్ తరచుగా యజమాని పేరు మీదో రూమ్మేట్ పేరు మీదో ఉంటుంది. ఏ విచారణ వచ్చినా మొదట తలుపు తట్టేది వారినే. ఆ భారం వారి మీద పెట్టడం న్యాయం కాదు.

ఇంటి నుంచే ఏదైనా చేయాలని ఉంటే బ్రౌజర్‌లో స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. దానికి పబ్లిక్ ఐపీ అక్కరలేదు, రూపాయి ఖర్చు లేదు. టార్‌ను అడ్డుకునే దేశాల్లోని వారికి అది లోపలికి వెళ్లే దారి అవుతుంది, మీ ఐపీ నుంచి బయటి సైట్లకు ఏ అభ్యర్థనా పోదు.

ఇక ఎగ్జిట్. టార్ వలయంలో, అంటే ఒక్కో కనెక్షన్ నడిచే దారిలో, మూడు మజిలీలు (రిలేలు) ఉంటాయి. మొదటి మజిలీకి వినియోగదారుని ఐపీ తెలుసు కానీ గమ్యం తెలియదు, మధ్య మజిలీకి రెండూ తెలియవు, చివరిదైన ఎగ్జిట్ మాత్రమే గమ్యస్థానంతో నేరుగా మాట్లాడుతుంది. అందువల్ల ఎవరో చేసిన స్పామ్, దాడి, బెదిరింపు, అన్నీ ఎగ్జిట్ ఐపీ పేరుమీదే కనిపిస్తాయి. ఫిర్యాదులు దాని యజమానికే వస్తాయి. మాస్కోలో గణితం బోధించే ద్మిత్రీ బొగతోవ్ ఇంట్లో ఎగ్జిట్ రిలే నడిపినందుకు, ఆ ఐపీ నుంచి వేరెవరో పెట్టిన పోస్టుల కేసులో, 2017 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. ఆయన మీది ఆరోపణలను ఉపసంహరించేసరికి 2018 వచ్చింది. ఎగ్జిట్‌ను సక్రమంగా నడపాలంటే ఆ ఐపీకి సొంత ఫిర్యాదుల చిరునామా నమోదు చేయించాలి, ఐపీకి చెందిన పేరును చూపే రివర్స్ డీఎన్ఎస్‌లో టార్ ఎగ్జిట్ అని కనిపించాలి, ఆ ఐపీని తెరిస్తే వివరణ పేజీ రావాలి, స్పామ్‌కు వాడే పోర్టులను మూసే తగ్గింపు ఎగ్జిట్ విధానం పెట్టాలి, వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒకటి రెండు రోజుల్లో జవాబివ్వాలి. ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా, వెయ్యి రూపాయల సర్వర్ మీద చేసే పని కాదు ఇది.

ఎగ్జిట్‌లకే సాయపడాలని మీకు మనసు గట్టిగా ఉంటే ఆ పని సంఘంగా చేసేవారు ఉన్నారు. సియాటిల్‌లోని ఎమరాల్డ్ ఆనియన్, ఫ్రాన్స్‌లోని నోజోన్యోఁ, జర్మనీలోని ఆర్టికెల్ టెన్ వంటి లాభాపేక్ష లేని సంస్థలు బ్యాండ్‌విడ్త్‌ను టోకుగా కొంటాయి. వారికి విరాళంగా ఇచ్చే వెయ్యి రూపాయలు మీరు విడిగా కొనే వెయ్యి రూపాయల ట్రాఫిక్‌కన్నా ఎక్కువ దూరం పోతాయి. నిజానికి చాలామందికి ఇదే సరైన దారి అని నా అభిప్రాయం. కానీ మీకు స్వయంగా నడిపి నేర్చుకోవాలన్న కోరిక కూడా ఉందని ప్రశ్నలోనే తెలుస్తోంది, అందువల్ల మిగిలినది రాస్తున్నాను.

చవక దొరికే చోటల్లా ఇప్పటికే నిండిపోయి ఉంటుంది. ఈ సమాధానంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒక్కటే అయితే అది ఇదే. ధర, ట్రాఫిక్ మాత్రమే చూసి వెతికితే ఎవరికైనా ముందుగా కనిపించేవి జర్మనీకి చెందిన హెట్జ్‌నర్, ఫ్రాన్స్‌కు చెందిన ఓవీహెచ్, ఆన్‌లైన్ ఎస్ఏఎస్ (ఇప్పుడు స్కేల్‌వే) వంటి పెద్ద సంస్థలు. వారి సేవల్లో లోపమేమీ లేదు, పైగా ట్రాఫిక్ ఉదారంగా ఇస్తారు. కానీ టార్ నెట్‌వర్కు సామర్థ్యంలో పెద్ద భాగం ఇప్పటికే ఆ కొద్ది నెట్‌వర్కుల మీదే ఉంది. అందుకే టార్ ప్రాజెక్టు తన సూచనల్లో ఈ మూడింటినీ, డిజిటల్ ఓషన్‌నూ వీలైతే తప్పించమని పేరు పెట్టి చెబుతుంది. ఒకే సంస్థ నెట్‌వర్కులో మొదటి మజిలీ, చివరి మజిలీ రెండూ పడితే, ఆ సంస్థ గానీ దాని మీద అధికారం ఉన్నవారు గానీ రెండు చివరలనూ చూసి, సమయాలను పోల్చి, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో ఊహించవచ్చు. ఐపీ చిరునామాలోని మొదటి రెండు సంఖ్యలు ఒకటైన రిలేలను టార్ ఒకే వలయంలో పెట్టదు, కానీ పెద్ద సంస్థలకు అలాంటి ఐపీ శ్రేణులు అనేకం ఉంటాయి కాబట్టి ఆ నియమం ఒక్కటే సరిపోదు.

కాబట్టి అన్నిటికన్నా చవకైనదాన్ని వదిలి, దాని తరువాతి వరుసలోనిదాన్ని చూడండి. నేను చేసే పద్ధతి చెబుతాను. ఒక హోస్టింగ్ సంస్థ నచ్చగానే వారి పరీక్ష ఐపీని తీసుకుని అది ఏ స్వతంత్ర నెట్‌వర్కు సంఖ్య (ఏఎస్ నంబరు, ఇంటర్నెట్‌లో ఒక్కో సంస్థ నెట్‌వర్కుకు ఇచ్చే గుర్తింపు) కిందకు వస్తుందో చూస్తాను. ఇది ముఖ్యం, ఎందుకంటే వేరు వేరు పేర్లతో సర్వర్లు అమ్మే చిన్న సంస్థలలో కొన్ని నిజానికి హెట్జ్‌నర్ లేదా ఓవీహెచ్ యంత్రాలనే తిరిగి అద్దెకు ఇస్తుంటాయి. తరువాత టార్ ప్రాజెక్టు మెట్రిక్స్ సైట్‌లోని రిలే సెర్చ్‌లో ఆ నెట్‌వర్కు సంఖ్యతో వెతికి, అక్కడ ఇప్పటికే ఎన్ని రిలేలు ఉన్నాయో, వాటి మొత్తం బరువు (నెట్‌వర్కు ట్రాఫిక్‌లో వాటి వాటా) ఎంతో చూస్తాను. రెండు మూడు రిలేలు మాత్రమే ఉండి, అవి చాలాకాలంగా నడుస్తూ ఉంటే అంతకన్నా మంచి సూచన లేదు. ఆ సంస్థ టార్‌ను సహిస్తుందనీ తెలుస్తుంది, నెట్‌వర్కు కిక్కిరిసి లేదనీ తెలుస్తుంది. ఒక్కటి కూడా లేకపోతే, ఎవరూ ప్రయత్నించకపోయి ఉండవచ్చు లేదా ప్రయత్నించినవారిని పంపేసి ఉండవచ్చు. అప్పుడు ముందుగా రాసి అడగడం తప్పనిసరి. టార్ ప్రాజెక్టు నిర్వహించే మంచి, చెడు హోస్టింగ్ సంస్థల జాబితా కూడా చూడండి. అది స్వచ్ఛందంగా రాసే జాబితా కావడంతో కొన్ని నమోదులు పాతబడి ఉంటాయి, తేదీ చూసి నమ్మండి. దేశాల విషయంలోనూ ఇదే సూత్రం. జర్మనీ, అమెరికా, నెదర్లాండ్స్ ఇప్పటికే నిండుగా ఉన్నాయి. అదే ధరకు తూర్పు ఐరోపాలో గానీ ఉత్తర ఐరోపాలో గానీ దొరికితే అటు మొగ్గండి.

చవక సర్వర్లలో కొన్ని రకాలను మొదటే పక్కన పెట్టవచ్చు. కొత్త తరహా ఐపీ అయిన ఐపీవీ6 మాత్రమే ఇచ్చేవి రిలేకు పనికిరావు, పాత తరహా పబ్లిక్ ఐపీవీ4 తప్పనిసరి. ఒకే ఐపీవీ4ను పదిమందికి పంచి ఇచ్చే అతి చవక సర్వర్ల మీద సాంకేతికంగా నడపవచ్చు కానీ, ఆ ఐపీ అడ్డుజాబితాల్లో పడితే మిగిలిన తొమ్మిదిమంది ఇబ్బంది పడతారు, సంస్థ మీ ఖాతానే మూస్తుంది. ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందరికీ పంచే ఓపెన్‌వీజెడ్ పద్ధతిలో ఇచ్చే పాతకాలపు సర్వర్లలో కనెక్షన్ల సంఖ్యకు లోపలే పరిమితి ఉంటుంది, రిలే దాన్ని ఇట్టే దాటేస్తుంది. కేవీఎం అని స్పష్టంగా రాసినదే తీసుకోండి. అన్‌లిమిటెడ్ అన్న మాటను నమ్మకండి. ఆ పదం కింద న్యాయమైన వినియోగం అనే షరతు ఎప్పుడూ ఉంటుంది, నెలంతా ఆగకుండా ప్రవహించే ట్రాఫిక్ దాని కిందకే వస్తుంది. 5 టీబీ అని సంఖ్యతో రాసిన ప్లాన్, అన్‌లిమిటెడ్ అని రాసిన ప్లాన్‌కన్నా నిజాయితీ గలది.

ఉచిత సర్వర్ల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఒరాకిల్ ఉచిత శ్రేణిలో నెలకు 10 టీబీ వరకు బయటికి పంపవచ్చు, వారికి హైదరాబాదులోనూ డేటా సెంటర్ ఉంది కాబట్టి ఆశ పుట్టడం సహజం. నేను వాటి మీద రిలే పెట్టను. రూపాయి కట్టని ఖాతా మీద ఒక ఫిర్యాదు వస్తే మీ వాదన వినడానికి ఎవరికీ తీరిక ఉండదు, ఖాళీగా కనిపించిన ఉచిత సర్వర్లను వెనక్కు తీసుకునే హక్కు కూడా వారి షరతుల్లోనే ఉంది.

అనుమతి నోటిమాటగా కాకుండా టికెట్‌లో (సంస్థ సహాయ విభాగం దగ్గర నమోదయ్యే రాతపూర్వక అభ్యర్థనలో) ఉండాలి. సంస్థ వినియోగ నియమాలలో టార్, ప్రాక్సీ, అజ్ఞాత సేవలు అన్న పదాల కోసం ముందు వెతకండి. నిషేధం ఉంటే అక్కడితో వదిలేయండి, బతిమాలడం వృథా. ఏమీ రాయకపోతే టికెట్ తెరిచి నాలుగు విషయాలు రాయండి. ఎగ్జిట్ కాని టార్ రిలే నడపాలనుకుంటున్నాననీ, దాని నుంచి బయటి సైట్లకు నేరుగా ఏ ట్రాఫిక్ పోదనీ, సగటున ఇన్ని ఎంబీపీఎస్‌కు పరిమితం చేస్తాననీ, ఏ ఫిర్యాదు వచ్చినా ఒక రోజులోపు జవాబు ఇస్తాననీ చెప్పండి. జవాబును దాచుకోండి. నాకు ఒకసారి ఒక చిన్న సంస్థ అమ్మకాల విభాగం చాట్‌లో సరేనని చెప్పి, నెల తిరగకముందే ఫిర్యాదుల విభాగం సర్వర్‌ను ఆపేసింది. చాట్‌లో అన్న మాట వారి రికార్డులో లేదు. అప్పటినుంచి ఫిర్యాదులు చూసేవారి దగ్గర నుంచే జవాబు వచ్చేలా టికెట్‌ను ఆ విభాగానికే పంపుతున్నాను.

ఎగ్జిట్ కాని రిలేకు ఫిర్యాదులు రావు కదా, ఇంత ముందుజాగ్రత్త ఎందుకు అనిపించవచ్చు. సాధారణంగా రావు. కానీ 2024 అక్టోబరు చివరి రోజుల్లో ఎవరో టార్ రిలేల ఐపీలను మూల చిరునామాగా దొంగగా పెట్టి, ఇతర నెట్‌వర్కుల పోర్టులను తడుముతున్నట్టు ప్యాకెట్లు పంపారు. రిలేలు ఏమీ చేయకపోయినా వాటి సంస్థలకు ఫిర్యాదులు వరదలా వెళ్లాయి, కొందరి సర్వర్లను ఆపేశారు కూడా. నవంబరులో ఆ ప్యాకెట్ల మూలాన్ని కనుగొని ఆపించారు. ఆ సమయంలో నా రిలే ఉన్న సంస్థ నుంచి కూడా వివరణ కోరుతూ ఉత్తరం వచ్చింది. ఇది ఎగ్జిట్ కాదనీ మీరు ఫలానా టికెట్‌లో అనుమతించారనీ రాసి, టార్ ప్రాజెక్టు ప్రకటనను జతచేస్తే వ్యవహారం ఒక్క జవాబుతో ముగిసింది. అదే పరిస్థితిలో ముందుగా చెప్పకుండా నడుపుతున్నవారు సంజాయిషీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక అవస్థపడ్డారు.

డబ్బు కట్టే విషయంలో మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. ప్లాన్ 5 యూరోలు అని రాసి ఉంటే మీ జేబులోంచి పోయేది అంతే కాదు. మన దేశంలో పన్నుకు నమోదైన విదేశీ సంస్థలు 18 శాతం జీఎస్టీ కలుపుతాయి, కార్డు ఇచ్చిన బ్యాంకు విదేశీ మారక రుసుము ఇంకో రెండు మూడు శాతం దాకా కలుపుతుంది. ఇవన్నీ కలిపి చూసినా అలాంటి ప్లాన్ మీ వెయ్యి రూపాయలలో హాయిగా ఇమిడిపోతుంది. అసలు చిక్కు నెలనెలా తనంతట తాను డబ్బు కోసుకునే ఏర్పాటులో ఉంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఆవర్తన చెల్లింపులకు పెట్టిన ముందస్తు సమ్మతి నియమాల వల్ల, ఆ ఏర్పాటు లేని విదేశీ సంస్థలకు మన కార్డుల నుంచి చెల్లింపు తరచుగా విఫలమవుతుంది. బిల్లు పెండింగులో పడుతుంది, ఉత్తరం స్పామ్ పెట్టెలోకి పోతుంది, సర్వర్ ఆగిపోతుంది. అందువల్ల ముందుగా డబ్బు జమచేసి వాడుకునే ఏర్పాటు ఉన్న సంస్థను ఎంచుకోండి. మొదటి రెండు నెలలు నెలవారీగా, తరువాత మూడు నెలలకు ఒకసారి చెల్లించండి. ఏడాది చివర్లో కనిపించే వార్షిక తగ్గింపు ధరలు ఆకర్షణీయంగానే ఉంటాయి కానీ, ఏడాది డబ్బు తీసుకుని మధ్యలో మూతపడే చిన్న సంస్థలు ఈ రంగంలో కొత్తేమీ కాదు.

సర్వర్ చేతికి వచ్చిన తరువాత డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టి, టార్ ప్రాజెక్టు సొంత భాండాగారం నుంచి టార్‌ను ఎక్కించండి, భద్రతా నవీకరణలు వాటంతట అవే పడేలా ఏర్పాటు చేయండి. ఎగ్జిట్ కాదని కాన్ఫిగరేషన్‌లో స్పష్టంగా రాయండి. సంప్రదింపు చిరునామా తప్పకుండా ఇవ్వండి, దానికోసం విడిగా ఒక ఈమెయిల్ తెరవండి, ఎందుకంటే అది అందరికీ కనిపిస్తుంది. ట్రాఫిక్‌ను అదుపు చేయడానికి రెండు మార్గాలు ఉన్నాయి. నెలవారీ కోటా పెడితే కోటా అయిపోగానే రిలే నిద్రలోకి పోతుంది, నెలాఖరులో పదిరోజులు మాయమయ్యే రిలే ఎవరికీ పనికిరాదు. దానికి బదులు వేగాన్నే పరిమితం చేసి నెలంతా మెలకువగా ఉంచడం మేలు. రెండు దిశలనూ లెక్కించే 8 టీబీ ప్లాన్ అయితే ఒక్కో దిశకు 4 టీబీ, అంటే సగటున 12 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. నేనైతే 11 దగ్గర ఆపుతాను. ఆ సర్వర్ మీద మీ బ్లాగును గానీ మెయిల్ సర్వర్‌ను గానీ పెట్టకండి.

మొదటి వారాల్లో ట్రాఫిక్ చాలా తక్కువగా ఉంటుంది, కంగారుపడి సర్వర్ మార్చకండి. కొత్త రిలేను నెట్‌వర్కు నెమ్మదిగా నమ్ముతుంది. మొదటి మూడు రోజులు దాదాపు ఏమీ రాదు, తరువాత కొలతలు మొదలవుతాయి, ఎనిమిదో రోజు ప్రాంతంలో గార్డ్ (మొదటి మజిలీ) హోదా వచ్చే అవకాశం ఉంటుంది. విచిత్రంగా ఆ హోదా వచ్చాక ట్రాఫిక్ కొంతకాలం తగ్గుతుంది, ఎందుకంటే మధ్య మజిలీగా దాన్ని ఎంచుకోవడం తగ్గిపోతుంది, మొదటి మజిలీగా ఎంచుకునేవారు ఇంకా పెరగలేదు. అది నిలకడకు రావడానికి రెండు నెలలకు పైనే పడుతుందని టార్ ప్రాజెక్టు వివరణ చెబుతుంది.

మీ బడ్జెట్‌లో మంచి ట్రాఫిక్ దొరకకపోతే, లేదా బెంగళూరు సర్వరే కావాలనుకుంటే, బ్రిడ్జి నడపండి. అందులో చిన్నతనమేమీ లేదు. బ్రిడ్జి ఐపీ బహిరంగ జాబితాలో ఉండదు, ఒక ఎంబీపీఎస్ వేగం చాలు, 1 టీబీ ప్లాన్ కూడా దానికి ఎక్కువే. 2021 డిసెంబరులో రష్యా టార్ సైట్‌ను అడ్డుకున్నప్పుడు అక్కడివారికి దారి చూపినవి ఇవే. టార్ ట్రాఫిక్‌ను గుర్తుపట్టకుండా మార్చే ఓబీఎఫ్ఎస్4 రకం బ్రిడ్జిని పావుగంటలో పెట్టవచ్చు. సొంత డొమైన్, చిన్న వెబ్‌సైట్ ఉన్నవారు 2024లో వచ్చిన వెబ్‌టనెల్ రకం పెట్టుకోవచ్చు, అది చూసేవారికి మామూలు వెబ్‌సైట్ రాకపోకలలాగే కనిపిస్తుంది. చట్టం, లాగ్‌ల గురించి పైన రాసిన జాగ్రత్త మన దేశంలో పెట్టే బ్రిడ్జికీ వర్తిస్తుంది.

చివరగా, రిలే నిలదొక్కుకున్నాక దాని గుర్తింపు తాళాలు ఉన్న కీస్ ఫోల్డర్‌ను భద్రంగా వేరేచోట కాపీ చేసి ఉంచుకోండి. రేపు సంస్థ మారవలసి వచ్చినా ఆ తాళాలతో కొత్త సర్వర్ మీద అదే రిలేగా కొనసాగవచ్చు, గుర్తింపు మొదటినుంచి సంపాదించుకోనక్కరలేదు. రెండో రిలే తీసుకునే రోజు వస్తే దాన్ని వేరే సంస్థలో, వేరే దేశంలో తీసుకోండి. రెండూ మీవేనని కాన్ఫిగరేషన్‌లో కుటుంబంగా ప్రకటించండి, లేకపోతే ఒకే వలయంలో రెండు మజిలీలూ మీ చేతిలోనే పడే ప్రమాదం ఉంది. అలా ప్రకటించని రిలేల గుంపులను టార్ ప్రాజెక్టు అనుమానంగా చూసి నెట్‌వర్కు నుంచి తొలగించే అవకాశం కూడా ఉంది.